ఓటీ (ఓవర్‌టైమ్) ఎక్కడ పుడుతోందో చూశారా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. వెల్డర్లు, పెయింటర్లు, హెల్పర్లు కలిపి 26 మంది. ఒకటో తారీఖు వస్తోందంటే టెన్షన్. గుమాస్తా మస్టరు (హాజరు పట్టీ) ముందేసుకుని మూడు రోజులు కూర్చుంటాడు, అయినా తప్పులే. పోయిన నెల ఒకతని అడ్వాన్సు రెండుసార్లు కోసేశాం, పెద్ద గొడవైంది. పైగా పని పెరగకుండానే జీతాల ఖర్చు పెరుగుతోంది. సగం మందిని రికార్డుల్లో చూపించకపోతే పీఎఫ్, ఈఎస్ఐ (వర్కర్ల వైద్య బీమా) డబ్బులు మిగులుతాయని తెలిసినాయన ఒకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ చివరి సలహా సంగతి. వద్దండీ. మీది వెల్డింగ్ షెడ్డు, రేపు ఎవరికైనా చెయ్యి కాలితే ఈఎస్ఐలో ఉన్న మనిషి వైద్యం వాళ్లు చూసుకుంటారు, లేని మనిషి ఖర్చంతా మీ నెత్తిన పడుతుంది. ఇంకోటి, వర్కర్ల జీతంలోంచి కోసిన పీఎఫ్ వచ్చే నెల 15లోగా జమ కావాలి. ఆలస్యమైతే ఆ సొమ్మును ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది, ఇప్పటి రూలు ఎలా ఉందో మీ ఆడిటర్‌ని అడగండి.

మీరు ఓటీ గురించి ఒక్క ముక్కా రాయలేదు గానీ, పని పెరగకుండా ఖర్చు పెరిగిందంటే నా మొదటి అనుమానం దాని మీదే. 18,000 జీతగాడిని తీసుకోండి. పీఎఫ్ 15,000 మీద కడితే మీ వాటా 1,800, చార్జీలు, బీమా కింద ఇంకో 150, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 585, నెలకి మనిషికి మొత్తం 20,535. ఇక ఆ 18,000 జీతాన్నే 26 రోజులు, రోజుకి 8 గంటలు అనుకుని పంచితే గంటకి 86 రూపాయల 50 పైసలు పడుతుంది, ఓటీకి రెట్టింపు ఇవ్వాలి కాబట్టి 173. పదిమంది రోజుకి రెండు గంటల చొప్పున 20 రోజులు ఆగారంటే 400 గంటలకి 69,200. ముగ్గురు కొత్తవాళ్లకి అంతకన్నా తక్కువే అవుతుంది, 624 గంటల పని వస్తుంది.

అలాగని రేపే ముగ్గురిని పెట్టేయమనడం లేదు. నేను లెక్కలు చూసిన ఒక షెడ్డులో రేకు లోడు పొద్దున 11 దాటితే గానీ దిగేది కాదు, అప్పటిదాకా వెల్డర్లు టీ తాగుతూ కూర్చునేవాళ్లు, ఆ పనే సాయంత్రం 6 నుంచి 8 దాకా ఓటీలో చేసేవాళ్లు. ముందురోజు సాయంత్రమే లోడు దింపించడం మొదలుపెట్టాక ఓటీ చీటీలు చాలావరకు ఆగిపోయాయి. మీ మేస్త్రీని ప్రతి ఓటీ చీటీ మీద కారణం రాయమనండి, నెల తిరిగేసరికి మీకే తెలుస్తుంది.

గుమాస్తా సంగతికొస్తే, హాజరు పోయిన నెల 26వ తారీఖు నుంచి ఈ నెల 25 దాకా లెక్కేయమనండి. చేతిలో వారం ఉంటుంది, 7వ తారీఖులోగా జీతాల బట్వాడా హాయిగా అయిపోతుంది. బోనస్ డబ్బు నెలనెలా పక్కన పెడుతుంటే దసరాకి అప్పు చేయక్కర్లేదు. అడ్వాన్సులు చీటీల మీద, ఫోన్ మెసేజీల్లో వద్దు. నెలకి ఒకటే రోజు, ఒకటే పుస్తకం, ఇచ్చినప్పుడూ కోసినప్పుడూ మనిషి సంతకం. ఆసుపత్రి ఖర్చులాంటివి వస్తే రోజు చూడకండి, పుస్తకంలో మాత్రం ఎక్కాలి.

అన్నట్టు, రెండుసార్లు కోసిన ఆ అడ్వాన్సు వచ్చే జీతంలో కలుపుతామని ఆపారేమో, రేపు పొద్దున్నే తిరిగి ఇచ్చేయండి.