గాలి సోకిందనే ఊళ్లో సైకాలజిస్ట్‌కు పనుంటుందా?

ప్రశ్న: మాది గుంతకల్లు దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ రాయను, సైకాలజీ చదువుతానంటోంది. అందులోనూ ‘మన జనానికి తగిన సైకాలజీ’ అట. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకునే చోట ఆ చదువుతో బతకగలదా?
- ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: మీ అమ్మాయిది గాలిమాట కాదండీ. దాన్ని ఇండిజినస్ సైకాలజీ అంటారు. అమెరికా, యూరప్ జనాన్ని చూసి కట్టిన సిద్ధాంతాలు అందరికీ అతకవని, ఎక్కడి మనిషిని అక్కడి బతుకులోంచే అర్థం చేసుకోవాలని దాని వాదన. మన దేశంలో అలహాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన దుర్గానంద్ సిన్హా, ఫిలిప్పీన్స్‌లో వర్జిలియో ఎన్రికెజ్ ఇందులో పెద్ద పేర్లు.

వైద్యంలోనూ ఈ దారి ఉంది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో టెంట్లు వేయించి, రోగుల ఇంటివాళ్లను తోడుగా ఉండనిచ్చారు. జబ్బు ఒకరికైతే ఆసుపత్రికి నలుగురు వెళ్లడం మనకు అలవాటే కదా, ఆయన దాన్నే వైద్యంలో కలుపుకున్నారు. మీ ఊళ్లో డిప్రెషన్ అని ఎంతమంది చెప్తారు? గుండె దడ, తల బరువు, ఒళ్లంతా మంట అంటారు. ఆ మాటల వెనకున్నది పట్టుకోవడం అక్కడే పెరిగిన పిల్లకు సులువు. దర్గాకు వెళ్లొచ్చామంటే నవ్వకుండా వింటుంది, మందులు మాత్రం ఆపొద్దని నచ్చజెప్పగలదు.

అలాగని మన పద్ధతులన్నీ మంచివని కాదు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన మానసిక రోగులను ఉంచిన చోట నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఇదీ మీ అమ్మాయి చదవాలి.

ఇక దారి. డిగ్రీలో సైకాలజీ తీసుకుని పీజీ చేయాలి, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఆ విభాగం ఉంది. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ కోర్సులు ఇప్పుడు మారుతున్నాయి, చేరే ముందు ఆర్‌సీఐ జాబితా చూసుకోండి. మానసిక వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ మీకు దగ్గరే, కానీ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. మూడు నెలల కౌన్సెలింగ్ సర్టిఫికెట్లకు డబ్బు తగలేయకండి. దూరవిద్యలో సైకాలజీని యూజీసీ 2025లో ఆపేసింది, ఎవరైనా సీటిస్తామంటే నమ్మొద్దు.

ఉద్యోగాలు ఆసుపత్రుల్లో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, 14416 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక సాయం అందించే టెలిమానస్ లాంటి ప్రభుత్వ సేవల్లో ఉంటాయి. అయితే డిగ్రీ చేతికి రాగానే రావు. మొత్తం ఏడెనిమిదేళ్ల చదువు. అంతకాలం ఖర్చు భరించగలరేమో ఇంట్లో అందరూ కూర్చుని లెక్క వేసుకోండి. ఆ లెక్కలోకి పెళ్లి మాట మాత్రం తేకండి.