మెరుపు చూసి మురవకు తమ్మీ, ముందు మెడ చూడు

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల. ఎమ్మెస్ కోసం ఒహాయో వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడ ఒకాయన ఎలక్ట్రిక్ గిటారు అమ్ముతున్నాడు. ఊదారంగు, బంగారు రంగు ఫిట్టింగులు, ఫొటోలో అద్దంలా మెరుస్తోంది. 280 డాలర్లంట. వాల్యూమ్ తిప్పితే గరగరమంటుందని, కొంచెం మురికి పట్టిందని ఆయనే చెప్పాడు. శనివారం చూడ్డానికి వెళ్తున్నాను. కొనొచ్చా? శుభ్రం చేసుకోవడం నా వల్ల అవుతుందా? సెలవులకు ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: తమ్మీ, నీ ప్రశ్న అందేసరికి నేను సెలవు మీద నల్లగొండలో ఉన్నాను. రామగిరిలో మా ఇంటి వరండాలో గోడకు ఆనించి ఒక ఎర్ర గిటారు ఉంది, దాన్ని చూస్తూనే ఇది రాస్తున్నాను. అది కూడా ఒకప్పుడు నీ ఊదా గిటారులాగే మెరిసింది. పదమూడేళ్ళ కింద కొలంబస్‌లో ఒకాయన గరాజ్‌లో దాన్ని చూసి, బేరం కూడా ఆడకుండా 300 డాలర్లు చేతిలో పెట్టి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తీగలు బిగించాక తెలిసింది, మెడ, అంటే వేళ్ళు ఆడే పొడుగు కట్టె, వంగి ఉందని. ఆ కట్టె మీది అడ్డగీతల్లాంటి లోహపు మెట్లలో ఏడోది దాటితే ఏ తీగ మీటినా జుమ్మనడం తప్ప స్వరం లేదు. దాన్ని దారికి తేవడానికి రిపేరు ఆయనకు ఇంకో 220 పోశాను. అంటే ఇప్పుడు నీకు చెప్పబోయే తెలివంతా పైసలు పెట్టి కొన్నదే.

ముందు ఆ మెరుపు సంగతి. పులిచారల్లా కనిపించే మేపుల్ కట్టె చవక గిటార్ల మీద కాగితమంత పల్చటి పొర మాత్రమే. కొన్నిటి మీద అది కూడా కాదు, అచ్చేసిన బొమ్మ. అది మోసం కాదు, కంపెనీలు ఆ రకం గిటార్లు చేస్తాయి. కాకపోతే ఆ చారలకు నువ్వు ఎక్కువ డబ్బు ఇవ్వక్కర్లేదు. బంగారు రంగు కూడా పూతే, చెయ్యి ఆనే చోటల్లా పోతుంది. తల మీద పెద్ద కంపెనీ పేరు కనపడినా అంతే, ఆ స్టిక్కర్లు విడిగా దొరుకుతాయి. సీరియల్ నంబరు అడిగి కంపెనీ సైట్‌లో చూసుకో. ఫెండర్ వాళ్ళ చవక రకం పేరు స్క్వయర్, గిబ్సన్ వాళ్ళది ఎపిఫోన్. నేర్చుకునేవాడికి ఈ రెండూ భేషుగ్గా సరిపోతాయి, పేరు చిన్నదని సిగ్గుపడకు.

ఇక మెడ. మీ పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర చూసే ఉంటావు. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ వాద్యానికే. గిటారు ఫ్రెట్లు కూడా మెట్లే అనుకో. వీణకు మెట్లు మైనంలో కూర్చుతారు, కదిలితే మళ్ళీ సర్దుకోవచ్చు. గిటారుకు అలా కాదు. కట్టెలో గాడి కోసి లోహపు మెట్టును అందులోకి దిగగొడతారు. అది అరిగితే, లేస్తే బాగుచేయడం పెద్ద పని. అన్నీ కొత్తవి వేయించాలంటే నీ 280 డాలర్లకు పైనే అడగొచ్చు.

అందుకే గిటారు చేతికి రాగానే ముందువైపు చూడకు. కిందివైపు ఒంటికి ఆనించుకుని, ఒక కన్ను మూసి, బ్రిడ్జి, అంటే ఒంటి మీద తీగల కొసల్ని పట్టి ఉంచే లోహపు ముక్క, దాని దగ్గర నుంచి తల దాకా మెడ అంచు వెంబడి చూడు. వడ్రంగి కర్ర వంకర చూసినట్టు. పక్కకు మెలిక తిరిగినట్టు కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయ్, అది నీతో అయ్యే పని కాదు. ముందుకో వెనక్కో కొంచెం వంగి ఉంటే భయం లేదు, లోపల ట్రస్ రాడ్ అని ఇనుప కడ్డీ ఉంటుంది, అలెన్ కీతో, అంటే ఆరు పలకల వంకర చీలతో, సరిచేయొచ్చు. కొలత ఇలా: లావు తీగను మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, చివరి మెట్టు దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టు. మధ్యలో, ఏడెనిమిది మెట్ల దగ్గర, తీగకూ మెట్టుకూ మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే ముందుకు వంగినట్టు, అసలు లేకపోతే వెనక్కి వంగినట్టు. రాడ్ తిప్పాల్సి వస్తే ఒకసారికి పావు చుట్టు మించొద్దు. బిగుసుకుపోయి కదలకపోతే బలవంతం చేయకు. లోపల తెగిందంటే గిటారు గోడకు అలంకారమే.

తర్వాత మెడ పక్కన అరచేతితో పైనుంచి కిందికి నిమురు. మెట్ల కొనలు ముళ్ళలా గుచ్చుకుంటున్నాయా? ఒహాయో చలికాలంలో ఇంట్లో హీటర్ నెలల తరబడి నడుస్తుంది, గాలి ఎండిపోతుంది, కట్టె కుంచించుకుపోతుంది. లోహం కుంచించుకోదు, కాబట్టి కొనలు బయటికొస్తాయి. ఇది పెద్ద రోగం కాదు, సన్న ఆకురాయితో తీర్చొచ్చు. కానీ బేరానికి మంచి పాయింటు. మన నల్లగొండ మే నెల గాలి కూడా దాదాపు ఆ పనే చేస్తుందనుకో, అది తర్వాత.

చివరగా ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా మీటు. నా ఎర్ర గిటారుకు 24 మెట్లు, ఆరు తీగలు, అంటే 144 చోట్లు. పది నిమిషాలు పడుతుంది. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీ. నేనా రోజు ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే 220 డాలర్లు మిగిలేవి.

ఒక సంగతి నీ ఫొటోలోనే కనపడింది. నీ ఊదా గిటారుకు ఉన్నది ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జి, తీగల్ని రెండు కొసల్లోనూ మరలతో బిగించేది. చూడ్డానికి యుద్ధ విమానంలా ఉంటుంది. అది వెనక స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది కాబట్టి ఒక తీగ శ్రుతి మారిస్తే మిగతా అయిదూ మారతాయి. తీగ తెగిందా, ఆ రాత్రికి వాయించడం బందు. నాదీ అదే. కొత్తలో దాన్ని శ్రుతి చేయలేక అసలు వాయించడమే మానేశాను, ఆర్నెల్లు పెట్టెలో ఉంది. మొదటి గిటారుగా అయితే నేను వద్దంటాను. అయినా మనసు దాని మీదే ఉంటే, కదలకుండా వెనక ఒక కట్టెముక్క బిగించి మొదటి ఏడాది గడుపు.

వాల్యూమ్ గరగర గురించి కంగారు పడకు, అది దుమ్ము. కానీ ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే పెట్టెకు, తగిలించి తీగల కింద శబ్దాన్ని పట్టే మూడు పికప్‌లూ పలుకుతున్నాయో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకు. ఆయన దగ్గర ఆంప్ లేదంటే ఇంకోరోజు వస్తానను. పగటిపూట, జనం తిరిగే చోట కలువు. చాలా ఊళ్ళలో పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లోనే ఇలాంటి కొనుగోళ్ళకు చోటు పెట్టారు. చూడకముందే ఫోన్‌లో అడ్వాన్సు పంపడమంటే డబ్బు మీద ఆశ వదులుకున్నట్టే. ఇంకో మాట, పాతవి కొని బాగుచేసి అమ్మితే చిల్లర మిగులుతుందని రూమ్మేట్లు ఊదరగొడతారు. నీది ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా. నీ వాడిన వస్తువు ఒకటి అమ్ముకోవడం వేరు, అదే వ్యాపారంగా పెట్టుకోవడం వేరు. ఆ జోలికి పోకు.

శుభ్రం చేయడం నీతో అవుతుంది. విప్పేముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకో. మరలకు పోపుల డబ్బా వాడు. ఒక గిన్నెలో బ్రిడ్జి మరలు, ఒకదాంట్లో పికప్‌వి, ఒకదాంట్లో వెనక మూతవి. కలిసిపోతే పొడవు పొట్టి తేడా తెలియక కట్టె చీలుస్తావు. మెట్ల మధ్య నల్లగా పేరుకున్నది పాత ఓనరు చెమట, చర్మం. అసహ్యపడకుండా గడువు తీరిన డెబిట్ కార్డు అంచుతో గీకు, చాకు వద్దు. తర్వాత గుడ్డ మీద కాస్త లైటర్ ఫ్లూయిడ్ వేసి తుడువు. జిగురూ జిడ్డూ వదులుతాయి, పెయింట్‌కు ఏమీ కాదు. కానీ అది భగ్గున అంటుకునే సరుకు. కిటికీ తెరువు, స్టవ్ ఆపు, దేవుడి దగ్గర అగరొత్తి వెలుగుతుంటే ముందు అది ఆర్పు. తుడిచిన గుడ్డను బయట ఆరనియ్యి.

మెట్లు మెరవాలంటే నాలుగు సున్నాల నంబరున్న సన్న స్టీల్ ఊల్ దొరుకుతుంది. రుద్దే ముందు పికప్‌ల మీద టేపు అంటించు. అవి అయస్కాంతాలు, రాలిన ఇనుప రజను అంతా వాటికే పోయి అతుక్కుంటుంది. మెట్ల కింది కట్టె ముదురు గోధుమరంగుదైతే చివర్లో నాలుగు చుక్కల లెమన్ ఆయిల్ పట్టించి వెంటనే తుడిచెయ్. నేను ఒకసారి కొబ్బరినూనె రాశాను, మూడు వారాలకు గిటారు కమురు వాసన కొట్టింది. పైన వార్నిష్ ఉన్న తెల్ల మేపుల్ మెడకైతే ఏ నూనే వద్దు.

గరగర వదలాలంటే వెనక మూత విప్పి, వాల్యూమ్ బిరడా కింద డబ్బాకున్న సందులోకి కాంటాక్ట్ క్లీనర్ అని కరెంటు భాగాలు శుభ్రం చేసే స్ప్రే ఒక్క చుక్క కొట్టి, ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పు. వైరు గుచ్చే జాక్ వదులుగా ఉంటే బయటి నట్టు ఒక్కటే తిప్పి బిగించకు. లోపల జాక్ కూడా దాంతో పాటు తిరిగి వైరు తెగుతుంది. పోయిన సెలవుల్లో నేను సరిగ్గా అదే చేశాను. క్లాక్ టవర్ దగ్గర టీవీలు బాగుచేసే ముసలాయన ఒక చుక్క సీసం వేసి అతికించి, పైసలు తీసుకోకుండా, "ఇది వీణనా?" అని అడిగాడు.

బంగారు పూత ముట్టుకోకు, మెత్తటి పొడిగుడ్డ చాలు. మాది ఎలా పోయిందో చెబుతాను. అదే సెలవుల్లో బ్రిడ్జి విప్పి స్టీలు పళ్ళెంలో పెట్టి, టీవీ ఆయన దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి పెరట్లో నల్లా దగ్గర అమ్మ, ముందు నానబెట్టిన చింతపండు, చేతిలో కొబ్బరిపీచు. "గన్ని పైసలు వెట్టి చిలుము వట్టింది తెచ్చినవేంది బిడ్డా" అంటూ ఇత్తడి చెంబు తోమినట్టు తోముతోంది. నేను అరిచేలోపే సగం పని అయిపోయింది. ఇప్పుడు మా బ్రిడ్జి ఒకవైపు బంగారం, ఇంకోవైపు నికెల్ తెలుపు. అమ్మ మాత్రం తెల్లటి వైపే బాగుందంటుంది.

ఇంటికి తేవడం సులువే. అమెరికా కంపెనీల విమానాల్లో, ఎక్కే సమయానికి పైన చోటుంటే గిటారును చేతి సామానుగా ఒప్పుకోవాలని 2015 నుంచి నియమం ఉంది. గల్ఫ్ కంపెనీల విమానాలకు ఆ నియమం వర్తించదు. నేను చేసింది ఇంకోటి. నాది మెడను నాలుగు మరలతో బిగించిన రకం. విప్పితే మెడ వేరు, ఒళ్ళు వేరు. రెండూ చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టాను. తిరుగు ప్రయాణంలో పచ్చళ్ళు వచ్చే సూట్‌కేసు అదే. మెడ జిగురుతో అతికించిన గిటారుకు ఇది కుదరదు, గట్టి పెట్టె కొనాల్సిందే. అలెన్ కీలు చెకిన్ సామానులో వెయ్. లైటర్ ఫ్లూయిడ్ ఏ సామానులోనూ పెట్టకూడదు. మెట్ల కింది కట్టె రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి జాతి అయితే అనుమతి పత్రాలు కావాలని 2017లో పెద్ద గోల అయింది. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 చివర్లో మినహాయింపు ఇచ్చారు, ఒక్క బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు తప్ప. నీ ధర గిటారులో అది ఉండదు.

ఆంప్ మాత్రం తేకు. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. నేను ముచ్చటపడి తెచ్చాను, మా మేనల్లుడు నేను స్నానానికి వెళ్ళినప్పుడు ప్లగ్గులో పెట్టాడు. టప్ అని ఒక్క చప్పుడు, ఇల్లంతా కాలిన వాసన. అడాప్టరు మీద 100 నుంచి 240 అని రాసుంటేనే పరవాలేదు. లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వెతుక్కోవాలి, ఆ బరువు ఖర్చుకంటే ఇక్కడే చిన్న ఆంప్ కొనడం నయం. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూపించు. మా పాత ఇంట్లో లేదు. గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి కాబట్టి ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమనేవి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వేయించాకే మేనల్లుణ్ణి గిటారు ముట్టనిచ్చాను. ఎండాకాలం గిటారును రేకుల గదిలో, కూలర్ ఎదురుగా పెట్టొద్దని మీ వాళ్ళకు చెప్పు. ఒకటి ఎండబెడుతుంది, ఇంకోటి తడుపుతుంది.

శనివారం వెళ్తానన్నావు కదా. డబ్బు ఇచ్చే ముందు నాకు మూడు ఫొటోలు పంపు. మెడ అంచు వెంబడి తీసింది ఒకటి, మొదటి అయిదు మెట్లు దగ్గరగా తీసింది ఒకటి, వెనక మూత విప్పి తీసింది ఒకటి. ముందువైపు ఫొటో మాత్రం వద్దు, అది నువ్వు ఇప్పటికే నాలుగుసార్లు పంపావు.