ఇంటి నుంచి వేసే ఓటుకు రెండు కవర్లు

ఆన్‌లైన్ ఓటింగ్ భద్రతపై పాఠకులు పంపిన ఉత్తరాలలో ఐదింటిని ఎంచుకొని ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ప్రశ్నకు కొంత విపులంగా జవాబు రాయవలసి వచ్చింది. మిగిలిన వాటికి అదే ఆధారం.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిగా పదవీ విరమణ చేశాను. లక్షల రూపాయలు ఫోన్‌లోనే క్షణాల్లో బదిలీ అవుతున్న ఈ రోజుల్లో ఓటు మాత్రం ఎండలో వరుసలో నిలబడే ఎందుకు వేయాలి? ఎస్టోనియాలో ఇంటి నుంచే ఓటు వేస్తారని చదివాను. అది ఎలా పనిచేస్తుంది? ఎంతవరకు నమ్మవచ్చు?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మీరు బ్యాంకులో పనిచేశారు కనుక తేడా మీకు సులభంగానే అర్థమవుతుంది. ఖాతాలో పదివేలు తగ్గితే ఖాతాదారుకు వెంటనే తెలుస్తుంది, అతడు ఫిర్యాదు చేస్తాడు, ఎవరి పేరున ఎంత సొమ్ము ఎప్పుడు కదిలిందో రికార్డు చెబుతుంది, తప్పు తేలితే సొమ్ము తిరిగి వస్తుంది. ఆ భద్రత అంతా పేరునూ మొత్తాన్నీ ఒకే వరుసలో రాసి ఉంచడం మీద నిలిచింది. ఓటుకు ఆ వరుసే ఉండకూడదు. ఓటు వేసింది ఎవరో కచ్చితంగా తెలియాలి, ఆ ఓటు ఎవరికి పడిందో మాత్రం ఎవరికీ తెలియకూడదు, అయినా ప్రతి ఓటూ వేసింది వేసినట్టే లెక్కలోకి వచ్చిందని ఓడిన అభ్యర్థి సైతం ఒప్పుకునేలా ఆధారం చూపగలగాలి. ఈ మూడింటినీ ఒకేసారి సాధించడం ఎంత కష్టమో ఎస్టోనియా అనుభవం చెబుతుంది.

దాదాపు 13 లక్షల జనాభా గల ఆ దేశం 2005 స్థానిక ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటింగ్‌ను ప్రారంభించి, 2007లో పార్లమెంటు ఎన్నికలకు విస్తరించింది. 2023 మార్చి నాటి పార్లమెంటు ఎన్నికల్లో పోలైన ఓట్లలో సగానికి పైగా, అంటే 51 శాతం, ఇంటర్నెట్ ద్వారానే వచ్చాయి. అక్కడి పౌరుల గుర్తింపు కార్డులో ఒక చిప్ ఉంటుంది, దానికి రెండు పిన్ సంఖ్యలు ఉంటాయి. ఒకటి తానెవరో నిరూపించుకోవడానికి, రెండవది చట్టబద్ధమైన డిజిటల్ సంతకం చేయడానికి. ఆ దేశస్థులు ఒప్పందాల మీద సంతకాలు చేయడానికి ఏళ్ల తరబడి వాడుతున్న కార్డే ఇది. ఎన్నికల కోసం రాత్రికి రాత్రి పుట్టించిన యాప్ కాదు. ఎస్టోనియా విజయం గురించి మాట్లాడేవారు ఈ పునాదిని తరచుగా మరచిపోతారని నా అభిప్రాయం.

ఓటు ప్రయాణాన్ని మన పోస్టల్ బ్యాలెట్‌తో పోల్చి చూడవచ్చు. ఎన్నికల విధులకు వెళ్లిన ఉద్యోగులకు ఆ కవర్లు గుర్తుండే ఉంటాయి. బ్యాలెట్ పత్రాన్ని చిన్న కవరులో, అంటే ఫారం 13-బిలో, పెట్టి అంటిస్తారు. దానిని సంతకం చేసిన 13-ఎ ధ్రువీకరణతో కలిపి 13-సి అనే పెద్ద కవరులో పంపుతారు. లెక్కింపు సమయంలో ముందు ధ్రువీకరణను పరిశీలించి, అది సరిగా ఉంటేనే లోపలి కవరును పక్కన పెడతారు. పేరున్న కాగితాన్ని తొలగించిన తర్వాతే లోపలి కవర్లను తెరుస్తారు. ఎస్టోనియా పద్ధతి సరిగ్గా ఇదే, కాకపోతే కవర్లు గణితంతో చేసినవి. ఓటరు కంప్యూటర్‌లోని అధికారిక అప్లికేషన్ ఓటును ఎన్నికల సంఘం బహిరంగంగా ప్రకటించిన తాళంతో గూఢలిపిలోకి మారుస్తుంది. అది లోపలి కవరు. దాని మీద ఓటరు రెండవ పిన్‌తో డిజిటల్ సంతకం చేస్తాడు. అది బయటి కవరు. లోపలి కవరును తెరవగల రహస్య తాళంచెవి ఒక్కరి దగ్గర ఉండదు. దానిని ముక్కలు చేసి పలువురికి పంచుతారు, నిర్ణీత సంఖ్యలో వారు కలిస్తేనే అది పనిచేస్తుంది. పోలింగ్ ముగిశాక సంతకాలను తొలగించి, పేరు లేని గూఢలిపి ఓట్లను కలగాపులగం చేసి, ఆ తర్వాతే విప్పుతారు. 2017లో తెచ్చిన కొత్త వ్యవస్థలో ఈ కలపడమూ విప్పడమూ నిజాయతీగా జరిగాయని చూపే గణిత సాక్ష్యాన్ని బయటి తనిఖీదారులు పరీక్షించే వీలు కూడా ఉంది.

ఇక్కడ ఒక పెద్ద అనుమానం మిగులుతుంది. ఓటరు కంప్యూటర్‌లోనే వైరస్ ఉండి, అతడు ఒకరిని ఎంచుకుంటే మరొకరి పేరును కవరులో పెడితే ఎలా? 2011 ఎన్నికల సమయంలో ఒక విద్యార్థి ఇలాంటిది సాధ్యమేనని చూపించాడు. 2013 నుంచి దానికి ఒక తనిఖీ వచ్చింది. ఓటు వేసిన వెంటనే కంప్యూటర్ తెర మీద ఒక క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. దానిని ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఫోన్ నేరుగా సర్వర్ నుంచి ఆ గూఢలిపి ఓటును తెచ్చుకొని, కోడ్‌లోని రహస్య సంఖ్య సాయంతో అందులో ఎవరి పేరుందో చూపిస్తుంది. కంప్యూటర్ మోసం చేస్తే ఫోన్ పట్టిస్తుంది. ఈ తనిఖీకి కొద్ది సమయమే ఇస్తారు. మన వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు అద్దం వెనుక కనిపించి పెట్టెలో పడిపోయినట్లే, ఓటరు చూసుకోవాలి గాని పదిమందికి చూపించే రసీదుగా అది మిగిలిపోకూడదు.

నమ్మకం విషయానికి వస్తే, లోపాలు లేవని ఎవరూ చెప్పలేదు. 2014లో మిచిగన్ విశ్వవిద్యాలయ నిపుణులు పాల్గొన్న ఒక స్వతంత్ర బృందం, సర్వర్ల నిర్వహణలో నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపి, ఈ పద్ధతిని ఆపివేయాలని కోరింది. 2017లో దాదాపు ఏడున్నర లక్షల గుర్తింపు కార్డుల చిప్‌లలో గణిత లోపం బయటపడగా, అదే ఏడాది నవంబరులో వాటి ధ్రువపత్రాలను నిలిపివేసి నవీకరించవలసి వచ్చింది. 2023లో ఆన్‌లైన్ ఓట్లు రద్దు చేయాలంటూ ఒక ప్రతిపక్షం కోర్టుకెక్కగా సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఉదాహరణ మాత్రం వాషింగ్టన్ నగరానిది. 2010లో అక్కడి ఎన్నికల అధికారులు విదేశాల్లోని ఓటర్ల కోసం రూపొందించిన వ్యవస్థను పరీక్షించమని ప్రజలను ఆహ్వానించారు. మిచిగన్ బృందం 48 గంటల్లోపే చొరబడి, వేసిన ఓట్లన్నింటినీ మార్చివేసింది. దాదాపు రెండు పనిదినాల వరకు అధికారులకు ఆ సంగతి తెలియలేదు. ఓటు వేశాక వచ్చే పేజీలో ఆ బృందం తమ విశ్వవిద్యాలయ గీతం మోగేలా చేసి ఉండకపోతే ఇంకెప్పటికి తెలిసేదో. ఆ నవంబరు ఎన్నికల్లో ఆన్‌లైన్‌లో ఓటు సమర్పించే ఏర్పాటును విరమించుకున్నారు. నిజమైన ఎన్నికకు ముందే బహిరంగ పరీక్ష పెట్టినందుకు ఆ అధికారులను అభినందించాలి. పరీక్ష పెట్టకపోతే చొరబాటు జరగదని కాదు, జరిగినా ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మా ఊళ్లో ఓటుకు డబ్బు పంచడం అందరికీ తెలిసిన విషయమే. ఫోన్‌లోనే ఓటు వేయవచ్చంటే నోటు ఇచ్చినవాడు పక్కనే కూర్చొని వేయించుకోడా? ఇంట్లో పెద్దలు మా ఫోన్లు తీసుకొని తామే వేసేస్తే అడిగేదెవరు?
— ఒక గృహిణి, గుంటూరు జిల్లా

సమాధానం: ఈ ప్రశ్న సాంకేతిక నిపుణుల ప్రశ్నల కంటే లోతైనది. పోలింగ్ కేంద్రంలో అట్టపెట్టె చాటున యంత్రం ముందు ఒంటరిగా నిలబడే ఆ అర నిమిషం చాలామంది స్త్రీలకు ఇంట్లో దొరకని ఏకాంతం. భర్తకు ఒక మాట చెప్పి, అక్కడ తన మనసులో ఉన్న గుర్తు మీద మీట నొక్కి వచ్చే స్వేచ్ఛను ఏ గూఢలిపీ దానంతటది ఇవ్వలేదు.

ఎస్టోనియా దీనికి కనుగొన్న ఉపాయం, ఎన్నిసార్లయినా ఓటు మార్చుకునే హక్కు. గడువులోపు వేసిన చివరి ఆన్‌లైన్ ఓటే చెల్లుతుంది. పోలింగ్ కేంద్రానికి వెళ్లి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దవుతుంది, 2021 నుంచి పోలింగ్ రోజున కూడా ఈ అవకాశం ఉంది. ఎదురుగా కూర్చొని ఓటు వేయించుకున్నవాడికి ఆ ఓటే చివరిదన్న నమ్మకం ఉండదు కనుక డబ్బు పెట్టడం దండగ అవుతుందన్నది ఇందులోని తర్కం.

అయితే ఈ తర్కం ఓటరు చేతిలో కార్డూ పిన్ సంఖ్యా ఉన్నంతవరకే పనిచేస్తుంది. ఇంటికంతా ఒకే ఫోన్, ఓటీపీ వస్తే చదివి చెప్పే కొడుకు, పోలింగ్ కేంద్రానికి మళ్లీ వెళ్తానంటే ఎందుకని అడిగే అత్తగారు ఉన్న ఇంట్లో, మార్చుకునే హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకే మన దగ్గర ఆన్‌లైన్ ఓటు ఎప్పుడు వచ్చినా పోలింగ్ కేంద్రం తలుపు చివరి గంట వరకు తెరిచే ఉండాలని, అక్కడ వేసిన ఓటే పైచేయిగా నిలవాలని గట్టిగా కోరుతున్నాను.

ప్రశ్న: 2021లో మా జిల్లాలో ఫోన్ ద్వారా ఓటు వేసే ప్రయోగం జరిగింది. బ్లాక్‌చెయిన్ వాడారు కనుక ఎవరూ మార్చలేరని చెప్పారు. అది నిజమేనా?
— ఒక విద్యార్థి, ఖమ్మం

సమాధానం: తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం రాష్ట్ర ఐటీ శాఖ, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌ల సహకారంతో 2021 అక్టోబరు 20న ఖమ్మంలో జరిపింది నమూనా ఓటింగ్ మాత్రమే. దానివల్ల ఏ పదవికీ ఎవరూ ఎన్నిక కాలేదు. పేరును ఆధార్‌తో సరిచూడడం, కెమెరా ముందున్నది ఫొటో కాదు, మనిషే అని నిర్ధారించడం, ముఖాన్ని ఓటరు గుర్తింపు కార్డు వివరాలలోని చిత్రంతో పోల్చడం అందులోని ప్రధాన తనిఖీలు. దివ్యాంగులు, వృద్ధులు, అనారోగ్యంతో ఉన్నవారు, పోలింగ్ సిబ్బంది వంటివారికి ఉపయోగపడాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశం మెచ్చదగినది.

బ్లాక్‌చెయిన్ అంటే ఒకే చిట్టా నకళ్లను పలు కంప్యూటర్లలో ఉంచి, ప్రతి నమోదునూ ముందున్న దానితో ముడిపెట్టే పద్ధతి. దాని గురించి మీరు విన్నది సగం నిజం. ఒకసారి గ్రంథస్థమైన నమోదును గుట్టుగా చెరిపివేయడాన్ని అది చాలా కష్టం చేస్తుంది. కానీ ఆ నమోదు చేరకముందే మీ ఫోన్‌లోని దుష్ట సాఫ్ట్‌వేర్ ఓటును మార్చి ఉంటే, మారిన ఓటునే అది భద్రంగా దాచిపెడుతుంది. ఎవరు ఎవరికి వేశారన్న రహస్యాన్ని కాపాడేది కూడా బ్లాక్‌చెయిన్ కాదు, పైన చెప్పిన గూఢలిపీ, కలగాపులగం చేసే పద్ధతీ. కాబట్టి ఏ ప్రయోగం గురించి విన్నా, నా ఓటు నేను వేసినట్టే చేరిందని మరో పరికరంతో చూసుకోగలనా, లెక్కింపును బయటివారు తనిఖీ చేయగలరా, ప్రోగ్రామును నిపుణులకు చూపించారా అని అడగండి. స్విట్జర్లాండ్‌లో తపాలా సంస్థ తన ఓటింగ్ ప్రోగ్రామును 2019లో పరిశీలనకు పెట్టినప్పుడు, ఓట్లను కలిపే దశలో సాక్ష్యాన్నే తారుమారు చేయగల లోపాన్ని పరిశోధకులు పట్టుకున్నారు. వెంటనే ఆపి, సరిదిద్ది, 2023లో మూడు రాష్ట్రాల్లో పరిమితంగా మళ్లీ ప్రారంభించారు.

మన దేశంలోనూ 2025 జూన్ 28న బీహార్ పట్టణ స్థానిక సంస్థల ఎన్నికల్లో మొబైల్ యాప్ ద్వారా నిజమైన ఓట్లే వేయించారు. స్థానిక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘాల పరిధిలోనివి గనుక ఇలాంటి ప్రయోగాలు రాష్ట్రాల స్థాయిలో సాగుతున్నాయి. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు భారత ఎన్నికల సంఘం పరిధిలోనివి, వాటికి ఇంటర్నెట్ ఓటింగ్ లేదు.

ప్రశ్న: దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో ఓటు వేయవచ్చా?
— ఒక పాఠకుడు, స్వస్థలం నిజామాబాద్ జిల్లా

సమాధానం: వేయలేరు. భారత పౌరసత్వం ఉండి, మరో దేశ పౌరసత్వం తీసుకోనివారు ఫారం 6-ఎ నింపి, పాస్‌పోర్టులోని స్వస్థలం చిరునామాలో ఓటరుగా నమోదు కావచ్చు, ఆ దరఖాస్తును ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. ఓటు మాత్రం పోలింగ్ రోజున పాస్‌పోర్టుతో స్వయంగా వచ్చి వేయాలి. ప్రవాసులు ప్రతినిధి ద్వారా ఓటు వేసే బిల్లు 2018లో లోక్‌సభ ఆమోదం పొందినా, ఆ సభ గడువుతో పాటే మురిగిపోయింది. సైనికుల వంటి సర్వీసు ఓటర్లకు బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో వెళ్తుంది, కానీ నింపిన బ్యాలెట్ తపాలాలోనే తిరిగి రావాలి. ఖాళీ బ్యాలెట్‌కు రహస్యం లేదు, నింపిన బ్యాలెట్‌కు ఉంది కాబట్టే ఈ తేడా.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికను ఆన్‌లైన్ ఫారంతో జరపాలని కొందరు పట్టుబడుతున్నారు. ఒప్పుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ఫ్లాట్ నంబరు, అభ్యర్థి పేరు ఒకే పట్టికలో చేరే ఫారం అయితే, దానిని నడిపేవారికి ఎవరు ఎవరికి వేశారో కనిపిస్తుంది. అది రహస్య ఓటు కాదు, చేతులెత్తి చెప్పడంతో సమానం. సభ్యులందరికీ అది సమ్మతమైతే ఇబ్బంది లేదు. రహస్యం కావాలనుకుంటే, పేర్ల జాబితా ఒకరి దగ్గర, ఓట్లు తెరిచే అధికారం పోటీలో ఉన్న ఇరుపక్షాల ప్రతినిధుల ఉమ్మడి చేతిలో ఉండే ప్రత్యేక ఓటింగ్ సేవను ఎంచుకోవాలి. ఒక్కొక్కరి ఓటు చేరిందని వారికే నిర్ధారించే ఏర్పాటు అందులో ఉందో లేదో ముందే అడగాలి. ఇవేవీ సరిచూసుకోలేకపోతే రెండు వందల ఫ్లాట్ల సంఘానికి మడిచిన చీటీలు, తాళం వేసిన ఒక డబ్బా చాలు. ఊళ్లో లేని యజమానులకు మాత్రం రెండు కవర్ల పద్ధతిలో చీటీ పంపించి, పోలింగ్ రోజుకు ముందే తెప్పించుకోండి.