ఎవరికి తగ్గింది?

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రాత్రి ఒకసారి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. వాక్యం నీ చేతిలో చక్కగా నడుస్తోంది. ఆయాసంతో ఉన్న ముసలాయన మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడని మొదట్లో రాశావే, అది కళ్ళారా చూసినవాళ్ళే రాయగలరు. మా అమ్మ కూడా అలాగే పట్టుకునేది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఒళ్ళో దిండు పెట్టుకుని, ముందుకు వాలి తెల్లవార్లూ కూర్చునేది. గాలి పీల్చినప్పుడల్లా మెడ కింద ఎముకల పైన గుంటలు పడేవి. పక్క గదిలో పడుకున్న మాకు ఆ పిల్లికూతలు వినిపిస్తూనే ఉండేవి. ఈ విషయం మీద ఎవరైనా తెలుగులో రాస్తున్నారంటే నాకు అంత ఆశ ఎందుకో నీకు తెలియాలని ఇదంతా చెప్తున్నాను.

ఇక నీ వ్యాసం సంగతి. "ఉబ్బసానికీ ఊపిరితిత్తుల గాయానికీ ఒకే మందు" అని శీర్షిక పెట్టావు. ఆ మందు ఎవరికి ఇచ్చారన్నది మాత్రం ఏడో పేరా దాకా చెప్పలేదు. ఎలుకలకి ఇచ్చారు. ఆ ముక్క మొదటి పేరాలోనే ఉండాలి. వీలైతే శీర్షికలోనే ఉండాలి.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికలో ఉబ్బసానికి కొత్త మందు దొరికిందని రాశాను. వారం తిరక్కుండానే ఒకాయన ఆఫీసుకి వచ్చాడు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. అందులో నా వ్యాసం, పత్రికలోంచి కత్తిరించింది. మడతల దగ్గర చిరిగిపోకుండా వెనక తెల్ల కాగితం అంటించి ఉంది. మందు పేరు కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. "మా పాప గీసిందండి. అదే చదివి వినిపించింది. ఈ మందు ఏ షాపులో దొరుకుద్దండీ?" అన్నాడు. ఆ పాపకే ఉబ్బసం. ఐదో తరగతి చదువుతోందట. ఇంకా రాలేదండీ, ఎలుకల మీద పని చేసింది, అంతే, అన్నాను. "మరి ఎలకలకని రాయలేదేంటండీ?" అన్నాడాయన. రాశాను. ఆఖరి పేరాలో రాశాను. అది ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. ఆయన కాగితాన్ని మళ్ళీ అదే మడతల్లో మడిచి కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి ఏ పరిశోధన చేతికొచ్చినా ముందు ఒకటే వెతుకుతాను. తగ్గిందంటున్నారు సరే, ఎవరికి తగ్గింది?

చిట్టెలుకకి మనలాగా దానంతటది ఉబ్బసం రాదు. తెప్పించాలి. కోడిగుడ్డు తెల్లసొనలోని ఒక ప్రొటీన్‌ని, ఒంటి రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టే అల్యూమినియం ఉప్పుతో కలిపి దాని పొట్టలోకి ఇంజెక్షన్ చేస్తారు. కొన్ని రోజులాగి మళ్ళీ చేస్తారు. ఆ తర్వాత అదే ప్రొటీన్‌ని తుంపరగా పీల్పిస్తారు. అప్పుడు దాని ఊపిరితిత్తుల్లోకి ఎలర్జీ కణాలు వచ్చి చేరతాయి, గాలి గొట్టాలు వాస్తాయి. ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బుకైతే బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థాన్ని శ్వాసనాళంలో వేస్తారు. ఆ విషాన్ని చిట్టెలుక మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది. ఇలాంటివి లేకపోతే కొత్త మందు ఆలోచన ఒక్క అడుగు కూడా ముందుకు పడదు, కాబట్టి వీటిని చిన్నచూపు చూడకు. కానీ మా అమ్మ జబ్బు రెండు మూడు వారాల్లో వచ్చింది కాదు. ముప్పయ్యేళ్ళ పొయ్యి పొగ, ధూళి, చలికాలాలు, పుట్టుకతో వచ్చిన గుణం, అన్నీ కలిసి వచ్చింది. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో చదివేవాళ్ళకి కనపడాలి.

మాటల దగ్గర రెండు చోట్ల నా కలం ఆగింది. ఒకటి, "ఊపిరితిత్తుల గాయం". గాయం అనగానే మనవాళ్ళకి యాక్సిడెంటు గుర్తొస్తుంది, ఛాతీకి దెబ్బ తగిలిందనుకుంటారు. నిమోనియా వచ్చినా, రక్తంలో ఇన్ఫెక్షన్ పాకినా, కడుపులోది గొంతులోకి వచ్చి పొరబోయినా ఊపిరితిత్తులు ఇలా పాడవుతాయి. "దెబ్బతినడం" అని రాయి, అన్నీ అందులో ఇముడుతాయి. రెండోది, "ఊపిరితిత్తుల్లో నీరు చేరింది". మన ఇళ్ళలో ఈ మాటను మూడు జబ్బులకి వాడతారు. ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు చేరినా ఇదే మాట. గుండె సరిగ్గా కొట్టక నీరు వెనక్కి తన్నినా ఇదే మాట. నువ్వు రాస్తున్నది మూడోది. సన్నటి గాలి గదుల గోడలు దెబ్బతిని, రక్తనాళాల్లోంచి ప్రొటీన్లతో కూడిన ద్రవం లోపలికి ఊరడం. 1967లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగులను వర్ణిస్తూ లాన్సెట్ వైద్య పత్రికలో మొదట రాసింది దీని గురించే. ఇప్పుడు ఏఆర్‌డీఎస్ అంటున్నారు. కోవిడ్ రోజుల్లో ఆ పేరు మన ఇళ్ళలోకి కూడా వచ్చింది. దానికి "తీవ్ర శ్వాసకోశ" అంటూ నాలుగు సంస్కృత మాటల పేరు కట్టకు. ఏఆర్‌డీఎస్ అనే రాసి, లోపల ఏం జరుగుతుందో రెండు వాక్యాల్లో చెప్పు.

ఉబ్బసాన్నీ ఏఆర్‌డీఎస్‌నీ ఒకే వ్యాసంలోకి తెచ్చావు కాబట్టి ఒక కథ చెప్తాను. ఈ రెండు జబ్బుల గురించి నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. సాల్బుటమాల్ నీకు తెలుసు. ఉబ్బసం ఉన్న ప్రతి ఇంట్లో ఉంటుంది. పీలిస్తే బిగుసుకున్న గాలి గొట్టాలు వదులవుతాయి. దానికి ఇంకో గుణం కూడా ఉందని ల్యాబుల్లో తేలింది. గాలి గదుల గోడల్లోని కణాలు సోడియంను బయటికి తోడతాయి, దాని వెంటే నీరూ పోతుంది. ఈ జాతి మందులు ఆ తోడే పనిని వేగం చేస్తాయి. జంతువుల్లో చేసింది, ఒంట్లోంచి తీసిన మనిషి ఊపిరితిత్తుల్లోనూ చేసింది. అలాంటప్పుడు ఏఆర్‌డీఎస్ రోగికి ఇస్తే? బ్రిటన్‌లో 40 మందికి సెలైన్‌లా రక్తనాళంలోకి ఇచ్చి చూశారు. ఆ ఫలితం 2006లో వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు నిజంగానే తగ్గింది.

నువ్వూ నేనూ ఆ రోజు వ్యాసం రాసి ఉంటే "ఉబ్బసం మందే ప్రాణం నిలుపుతుంది" అని రాసేవాళ్ళం. చేతిలో ల్యాబు ఆధారం ఉంది, జంతువుల ఆధారం ఉంది, మనుషుల్లో కొలిచిన కొలత కూడా ఉంది.

తర్వాత అక్కడే 46 ఐసీయూల్లో పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. ఈసారి నీటిని కాదు, బతికినవాళ్ళను లెక్కపెట్టారు. వెయ్యికి పైగా రోగులతో చేద్దామనుకున్నది 326 మంది దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. 28 రోజుల్లో సాల్బుటమాల్ ఇచ్చినవాళ్ళలో 34 శాతం చనిపోయారు, ఇవ్వనివాళ్ళలో 23 శాతం. 2012లో లాన్సెట్‌లో వేశారు. గుండె లయ తప్పడం, రక్తంలో ఆమ్లం పెరగడం మందు తీసుకున్నవాళ్ళలో ఎక్కువ కనిపించాయి. నీరు తగ్గడం వేరు, మనిషి బతకడం వేరు అని నేను ఈ అంకెల దగ్గరే నేర్చుకున్నాను.

ఇది రాసేటప్పుడు ఇంకో వాక్యం తప్పకుండా పక్కనే ఉండాలి, పేజీ తిప్పాక కాదు. ఆ హాని జరిగింది వెంటిలేటర్ మీద ఉన్న ఏఆర్‌డీఎస్ రోగులకి, రోజుల తరబడి రక్తనాళంలోకి ఎక్కించినప్పుడు. ఆయాసం వచ్చి ఇన్హేలర్ రెండు పఫ్‌లు పీల్చే పిల్లాడికి ఈ ఫలితం వర్తించదు. ఆ వాక్యం లేకపోతే ఏ తల్లో టెన్షన్ పడి పిల్లాడి ఇన్హేలర్ దాచేస్తుంది. అసలే మనవాళ్ళకి ఇన్హేలర్ అంటే భయం. "అది పెట్టారంటే జబ్బు ముదిరినట్టే, ఇక జన్మలో వదలదు" అంటారు.

నెలలు నిండని పసిపిల్లల కథ దీనికి తలకిందులుగా ఉంటుంది. వాళ్ళ ఊపిరితిత్తుల్లో గాలి గదులు ముడుచుకుపోకుండా ఆపే నురుగులాంటి పదార్థం లేదని అమెరికా పరిశోధకులు మేరీ ఎలెన్ ఆవెరీ, జెరే మీడ్ 1959లో చూపించారు. జపాన్‌లో 10 మంది పిల్లలకి ఆ పదార్థాన్ని శ్వాసనాళంలో పోస్తే ఊపిరి కుదుటపడిందని డాక్టర్ ఫుజివారా 1980లో రాశాడు. ఇవాళ నవజాత శిశువుల వార్డుల్లో అది మామూలు వైద్యం. అదే పదార్థం పెద్దవాళ్ళ ఏఆర్‌డీఎస్‌లో పెద్ద పరీక్షల్లో ప్రాణాలు నిలపలేకపోయింది.

ఏఆర్‌డీఎస్‌లో ప్రాణాలు కాపాడిందని గట్టిగా తేలినవాటిలో కొత్త మందు కాని ఒక కొలత ఉంది. దాన్ని నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో దాటేశావు. అమెరికాలో 861 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2000లో వచ్చింది. వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి కిలోకి 12 మిల్లీలీటర్ల గాలి తోస్తే 39.8 శాతం చనిపోయారు, 6 తోస్తే 31 శాతం. ఇక్కడ కూడా ఎవరికి అని అడుగు. కిలో అంటే ఎవరి కిలో? త్రాసు చూపించే బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువు. ఐదడుగుల ఆవిడ 80 కిలోలు ఉందనుకో. ఈ లెక్కలో ఆమె బరువు 45.5 కిలోలే. ఒక్కో ఊపిరికి 273 మిల్లీలీటర్లు, చిన్న నీళ్ళ సీసాడు. త్రాసును నమ్మితే 480 అవుతుంది, అర లీటరు సీసాకి దగ్గర. లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు మరి. పైగా జబ్బులో చాలా భాగం మూసుకుపోయి, గాలి ఆడేది ఐదారేళ్ళ పిల్లల ఊపిరితిత్తులంతే మిగులుతుందని ఇటలీ డాక్టర్ గట్టినోని స్కాన్లలో చూసి "బేబీ లంగ్" అని పేరు పెట్టాడు. అంత చిన్నదానిలోకి అర లీటరు తోయడాన్ని ఊహించు. ఆ సీసాల పోలిక నీ వ్యాసంలో పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. కోవిడ్‌లో బోర్లా పడుకోబెట్టడం మన కుటుంబాలు చూశాయి కదా, దాని వెనక 2013 నాటి ఫ్రాన్స్ పరీక్ష ఉంది. 466 మంది, రోజుకి 16 గంటలకి తగ్గకుండా బోర్లా. 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16కి దిగాయి. అది కూడా బాగా ముదిరిన ఏఆర్‌డీఎస్ వాళ్ళలోనే.

ఉబ్బసంలో మెపోలిజుమాబ్ గురించి చదువు. రక్తపరీక్ష చేయించుకుని "ఈసినోఫిల్స్ పెరిగాయట" అని మనవాళ్ళు అంటారే, ఆ కణాలను తగ్గించే మందు. 2000లో ఫలితం వచ్చిన ఒక పరీక్షలో తేలికపాటి ఉబ్బసం వాళ్ళకి ఇచ్చారు. కణాలు తగ్గాయి, ఎలర్జీతో గొట్టాలు బిగుసుకోవడం మాత్రం తగ్గలేదు. ఆ ఆలోచనే తప్పేమో అనుకున్నారు చాలామంది. 2009లో ఫలితం వచ్చిన ఇంకో పరీక్షకి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 61 మందిని ఏరి తీసుకున్నారు. స్టెరాయిడ్లు వాడుతున్నా ఈసినోఫిల్స్ దిగనివాళ్ళు, మాటిమాటికీ ఎటాక్ వచ్చేవాళ్ళు. ఏడాదికి సగటున 3.4 ఎటాక్‌లు వచ్చే చోట మందు తీసుకున్నవాళ్ళకి 2 వచ్చాయి. 2015లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. మందు అదే. మనుషులు మారారు.

అందుకే పరిశోధన పత్రం తెరవగానే నేను ముగింపు చదవను. టేబుల్ 1కి వెళ్తాను. అందులో వయసులు, పొగతాగే అలవాటు, జబ్బు తీవ్రత ఉంటాయి. ఎవరిని తీసుకోలేదో దానికి పైనే రాసి ఉంటుంది. మా అమ్మలాంటి ఆవిడ ఆ పట్టికలో ఎక్కడైనా ఉందా అని చూస్తాను. చాలాసార్లు ఉండదు.

మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం గురించి కూడా ఒక పేరా రాశావు. అందులో వెటకారం ఉంది, అది తీసెయ్యి. పిల్లాణ్ణి భుజాన వేసుకుని గంటల తరబడి క్యూలో నిలబడే తండ్రి మూర్ఖుడు కాదు, ఊపిరాడని బిడ్డ ఉన్నవాడు. ఆయనకి చెప్పాల్సింది వేరే ఉంది. ఉబ్బసం తనంతట తనే పెరుగుతుంది, తగ్గుతుంది. బాగా ముదిరినప్పుడే ఎవరైనా దూరం నుంచి వస్తారు, ఆ తర్వాత కొన్నాళ్ళకి ఎలాగూ కొంత తగ్గుతుంది. అది దేనివల్ల తగ్గిందో తెలియాలంటే అలాంటివాళ్ళనే రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి ఇచ్చి, ఇంకో జట్టుకి ఇవ్వకుండా పోల్చాలి. ఇంగ్లండ్ మందుకైనా నాంపల్లి చేపకైనా ఒకటే కొలబద్ద. ఈ మాట గౌరవంగా చెప్తే ఆయన వింటాడు. క్యూలో ఉన్నప్పుడు కూడా రోజూ వాడే ఇన్హేలర్ మానొద్దని, అసలైన వాపును అదుపులో పెట్టేది అందులోని స్టెరాయిడ్ మందేనని అక్కడే రాయి. ఒక్క సాల్బుటమాల్ మీదే నెట్టుకురావద్దని 2019లో అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మార్చారు.

శీర్షిక మార్చి, ఏడో పేరాలోని ఎలుకలను మొదటి పేరాకి తెచ్చి మళ్ళీ పంపు. ఛాతీ డాక్టరుగారితో మాట్లాడతానన్నావు కదా, ఆయన దగ్గరికి వచ్చే పేషంట్లలో ఎంతమంది ఆ మెపోలిజుమాబ్ ఖర్చు భరించగలరో అడుగు. జవాబు ఆయన మాటల్లోనే రాసుకో. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి.

నీ మాస్టారు