మొక్కల కంటే ముందు మీ చేతులు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 46. షుగరుకు మాత్రలు వాడుతున్నాను. ఇంట్లో మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్ కిట్ కొత్తగా పెట్టుకున్నాను. పాలకూర, లెట్యూస్ నారు నాలుగాకులు వేయగానే వాడిపోతోంది. బోరు నీళ్లలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గించే ద్రావణం చేత్తోనే కలుపుతున్నాను. మూడు వారాలుగా వేళ్ల సందుల్లో చర్మం ఊడి, దురద పెడుతోంది. మా తమ్ముడి తామర క్రీమ్ రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. మొక్కలు ఎందుకు చచ్చిపోతున్నాయి?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీరు మొక్కల గురించి అడిగారు. నాకు మాత్రం ఆ క్రీమ్ దగ్గరే టెన్షన్ మొదలైంది.

పీహెచ్ తగ్గించే ద్రావణాల్లో ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. వట్టి చేత్తో కలిపితే చర్మం మంటెక్కి ఊడుతుంది. షుగరున్నవాళ్లకు తడి వేళ్ల సందుల్లో ఫంగస్ కూడా తేలిగ్గా పడుతుంది. మీది ఏదో చూడకుండా చెప్పలేను, రెండూ ఉండవచ్చు. చర్మం పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే చాలావరకు తేలుతుంది.

షాపులో అడిగి తెచ్చుకునే తామర క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటాసోల్, బీటామెథసోన్ అని ఉందేమో చూడండి. రాసిన ఒకటి రెండు రోజుల్లో ఎరుపు, దురద అణిగిపోతాయి. మనం తగ్గిందనుకుంటాం, లోపల ఫంగస్ పాకుతూనే ఉంటుంది. చర్మం పలచబడుతుంది. చివరికి డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి మచ్చ అసలు రూపమే మారిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఒకరికి రాసిచ్చిన మందు ఇంటిల్లిపాదీ వాడటం దయచేసి మానండి. మీరు ఆ క్రీమ్ ఆపండి. ఆపాక నాలుగు రోజులు దురద పెరగవచ్చు, కంగారుపడి మళ్లీ రాయొద్దు. ట్యూబు వెంట తీసుకుని ఈ వారంలోనే చర్మ డాక్టర్‌కి చూపించండి, నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) వెళ్లినా సరే. మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్త పరీక్ష (హెచ్‌బీఏ1సీ) కూడా చేయించండి. వేలు వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, చేతి మీదికి ఎర్రటి చార పాకినా వారం దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్లాలి.

ఇక మొక్కలు. అది నా వైద్యం కాదు, తెలిసినంత చెబుతాను. మన ఎండలకు తొట్టిలో నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గి వేర్లు కుళ్లుతాయి. ఒక మొక్కను పైకి లాగి చూడండి. వేర్లు తెల్లగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగి, జిగురుగా, కంపు కొడుతుంటే కుళ్లే. నీళ్లు 24 డిగ్రీలు దాటకుండా నీడలో పెట్టండి, గాలి పంపు ఆపొద్దు. లేత నారుకు పోషక ద్రావణం పూర్తి మోతాదులో పోస్తే ఆకు అంచులు మాడతాయి, పావు వంతుతో మొదలుపెట్టండి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. ఉప్పు బోరు నీళ్లకని ఆమ్లం ఎక్కువ పోస్తే మీ చేతులకు జరిగిందే వేర్లకూ జరుగుతుంది. అయినా వాడిపోతుంటే నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

ద్రావణం కలిపేటప్పుడు రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. చేతి మీద పడితే 20 నిమిషాలు కుళాయి కింద కడగండి, నిమ్మరసం, టూత్‌పేస్టు రాయొద్దు. ఆ ద్రావణాన్ని కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోసి ఉంచకండి. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆ సీసా కూడా పట్టుకెళ్లండి.