మాస్టారి మందలింపు అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుందా?

ఉపాధ్యాయుడి తీరు విద్యార్థి పట్టుదలపై చూపే ప్రభావం సంస్కృతినిబట్టి మారుతుందా అని మీరు అడిగారు. గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ పాఠశాలలో చదివి, అమెరికాలో ఎం.ఎస్. చేస్తూ టీచింగ్ అసిస్టెంటుగా పనిచేసిన అనుభవంతో, మారుతుందనే చెబుతాను. అయితే మన పిల్లలకు కఠినత్వమూ అక్కడివారికి స్వేచ్ఛా కావాలన్న వాడుక మాటను మాత్రం ఒప్పుకోను.

పదో తరగతిలో త్రికోణమితి లెక్క తప్పినప్పుడు మా మాస్టారు, "నీకే రాకపోతే ఇంకెవరికొస్తుందిరా?" అని అందరి ముందూ కోప్పడ్డారు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని నాన్నతో మాట్లాడి వెళ్లే మనిషి కావడం వల్ల, ఆ మాటలో నాకు అవమానం కన్నా ఆయన నామీద పెట్టుకున్న ఆశే వినిపించింది. ఆ రాత్రి అధ్యాయమంతా మళ్లీ చేశాను. తరువాత ఇంటర్మీడియట్ హాస్టల్లో, నా పేరైనా తెలియని అధ్యాపకులు వారం వారం మార్కులు పైకి చదివి సెక్షన్లు మార్చినప్పుడు, అలాంటి కోపానికే నాకు చదువంటే విసుగు పుట్టింది. (బెత్తాన్ని సమర్థిస్తున్నానని అనుకోవద్దు, 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది.)

అమెరికాలో ప్రొఫెసర్ ప్రాజెక్టు అంశాన్ని మమ్మల్నే ఎంచుకోమన్నప్పుడు, అక్కడి సహాధ్యాయులు ఉత్సాహంగా మొదలుపెట్టారు, నేను మూడు వారాలు ఏమీ తేల్చుకోలేకపోయాను. చివరికి ఆయనే ఒక అంశం సూచించాక పని పరుగెత్తింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 1999లో ప్రచురించిన పరిశోధన చదివాక ఇది నా ఒక్కడి బలహీనత కాదని తెలిసింది. అక్షరాలు తారుమారు చేసిన పదాలను సరిచేసే పనిలో యూరోపియన్ మూలాలున్న అమెరికన్ పిల్లలు ఏ రకం పదాలు చేయాలో తామే ఎంచుకున్నప్పుడు బాగా రాణించగా, ఆసియా మూలాలున్న పిల్లలు తల్లి ఎంచిందని చెప్పినప్పుడు అన్నిటికన్నా బాగా చేశారు. పరిచయం లేని పరిశోధకురాలు ఎంచినప్పుడు వారిలో ఆ ఉత్సాహం కనబడలేదు. మాస్టారికీ, హాస్టల్ అధ్యాపకులకూ నడుమ నేను చూసిన తేడా కూడా ఇదే.

ఇంత తెలిసీ, ఒక అమెరికన్ విద్యార్థి జవాబు పత్రంపై "నీ స్థాయికి తగని అజాగ్రత్త" అని రాశాను. మా మాస్టారి మాటనే వాడాననుకున్నాను; అతను దాన్ని అవమానంగా తీసుకుని మరో సెక్షన్‌కు మారిపోయాడు. అప్పటినుంచి మార్జిన్‌లో, "ఈ మెట్టు ఎలా వచ్చింది?" అని మాత్రమే రాసేవాణ్ణి.