సిలికాన్ కణం ఎంత చిన్నదైతే అంత మంచిదా?

లిథియం అయాన్ బ్యాటరీలో ఛార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరే ఎలక్ట్రోడ్‌ని ఆనోడ్ అంటారు. సిలికాన్ ఆనోడ్‌లో కణాల సైజు నానోమీటర్లకు (మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు) తగ్గిస్తే సమస్యలన్నీ తీరిపోతాయా అని అడిగారు. తీరవండీ. ఒకటి పోతుంది, దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. ఇది నాకు తెలిసేసరికి చాలా నెలలు పట్టింది.

సిలికాన్ మీద అందరికీ ఇంత మోజు ఎందుకంటే, ఇప్పుడు ఆనోడ్‌లలో మామూలుగా వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీఆంపియర్ అవర్ల ఛార్జ్ పట్టుకుంటే ఇది సిద్ధాంతం ప్రకారం 3,579 దాకా పట్టుకుంటుంది. కానీ లిథియం నిండేసరికి దాదాపు నాలుగింతలకు ఉబ్బుతుంది. పెద్ద కణమైతే పగిలిపోతుంది. సుమారు 150 నానోమీటర్ల లోపు ఉంటే పగలదు. అందుకే నేను 50 నానోమీటర్ల పొడి తీసుకున్నాను, ఇక తిరుగులేదనుకున్నాను.

కాయిన్ సెల్‌లో, అంటే నాణెమంత టెస్ట్ బ్యాటరీలో, ఒకవైపు నా సిలికాన్, రెండోవైపు లిథియం రేకు పెట్టి నడిపితే గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది. అదే ఆనోడ్‌కి ఎదురుగా రేకు తీసేసి మామూలు క్యాథోడ్ (బ్యాటరీలో రెండో ఎలక్ట్రోడ్) పెట్టి ఫుల్ సెల్ చేశానో లేదో, కొన్ని సైకిళ్లకే (ఒకసారి ఛార్జ్, డిశ్చార్జ్ అయితే ఒక సైకిల్) కెపాసిటీ సగానికి పడిపోయింది. సెల్స్ కట్టే గ్లవ్ బాక్స్‌లో (గాలి, తేమ చొరబడని పెట్టె) తేమ చేరిందేమోనని ఒక టెన్షన్, ఎలక్ట్రోలైట్ (లిథియాన్ని అటూఇటూ మోసే ద్రవం) పాడైందేమోనని ఇంకోటి. మూడుసార్లు సెల్స్ మళ్లీ కట్టాను. ఆ మందపాటి రబ్బరు గ్లవ్స్‌లో చేతులు చెమటలు పట్టడం తప్ప ఒరిగిందేమీ లేదు.

అసలు సంగతి మొదటి సైకిల్ డేటాలోనే ఉంది, నేనే చూడలేదు. లోపలికి వెళ్లిన లిథియంలో మూడో వంతుకు పైగా తిరిగి రాలేదు. ఆనోడ్ తగిలిన చోటల్లా ఎలక్ట్రోలైట్ విడిపోయి ఒక పొర కడుతుంది, ఆ పొర లిథియాన్ని తింటుంది. కణం సైజు పదో వంతుకు తగ్గిస్తే గ్రాముకు ఉపరితలం పదింతలవుతుంది, అంటే తినే నోళ్లూ పదింతలే. పైగా కణం ఉబ్బి తగ్గిన ప్రతిసారీ పొర చిట్లి కొత్తది కడుతుంది. లిథియం రేకు ఉన్నంతసేపూ అడిగినంత అప్పిచ్చే షావుకారు ఎదురుగా ఉన్నట్టే, నష్టం కనబడదు. ఫుల్ సెల్‌లో ఆ షావుకారు ఉండడు. సైకిల్‌కి 1 శాతం చొప్పున పోయినా 100 సైకిళ్లకు మిగిలేది 37 శాతమే.

మరి ఎల్‌ఎఫ్‌పీకి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే క్యాథోడ్ పదార్థం) నానో ఎలా కలిసొచ్చిందంటారా? 1997లో శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఇనఫ్ బృందం దాన్ని చూపించినప్పుడు పెద్ద లోపం విద్యుత్తు సరిగా పారకపోవడం. కణాలు చిన్నవి చేసి కార్బన్ పూత వేస్తే అది తీరింది. అది పనిచేసే 3.4 వోల్టుల దగ్గర ఎలక్ట్రోలైట్ విడిపోదు కాబట్టి ఉపరితలం పెరిగినా పెద్ద నష్టం లేదు. సిలికాన్‌కి ఆ అదృష్టం లేదు.

చివరికి నాకు పనిచేసింది ఏమిటంటే, నానో కణాలను విడిగా వదలకుండా మైక్రాన్ సైజు ముద్దలుగా కట్టి, లోపల ఉబ్బడానికి ఖాళీ ఉంచి, బయట కార్బన్ పూత వేయడం. ఎలక్ట్రోలైట్‌కి బయటి చర్మమే తగులుతుంది. దాంతోపాటు కణాలను అతికించి ఉంచే బైండర్‌గా పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ మానేసి, సెల్యులోజ్ నుంచి వచ్చే సీఎంసీకి మారాను. నిజం చెప్పాలంటే ఈ రెండో మార్పే ఎక్కువ లాభం ఇచ్చింది, ఖర్చూ శ్రమా తక్కువ కూడా. మీరైతే ముందు బైండర్ మార్చి, మొదటి సైకిల్‌లో ఎంత లిథియం తిరిగొస్తోందో చూడండి. కణం సైజు సంగతి ఆ తర్వాత.